పొంగు, కుతకుత, మగ్గు

మార్చి 3, సోమవారం

డాక్టరు వదిన ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. వంటింట్లోంచి పొగైనా పోవాలి, ఈవిడైనా పోవాలి అన్నాడు. పోవడమంటే ఏ పోవడం డాక్టరుగారూ అని అడిగింది వదిన. ఆయన నవ్వాడు. వదిన కూడా నవ్వబోయింది, దగ్గు అందుకుంది. అది ఆగేసరికి పక్కగదిలోంచి నర్సు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వదిన పంతొమ్మిదేళ్ళుగా వండుతోంది. రెండు వందల మందికి. పొయ్యిలోకి ప్యాకింగు పెట్టెల చెక్క, ఊరికే వస్తుంది కాబట్టి. రంగూ, వార్నీషూ, జిగురూ అన్నీ కలిసి తగలబడతాయి. ఉన్నది ఒక్క కిటికీ. దాన్ని తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ.

అక్కడికి అరవై అడుగుల దూరంలో నా షెడ్డు. నేను కాయిళ్ళు చుడతాను. పళ్ళు గట్టిపరచాల్సిన గేరు చక్రం రాగి కాయిల్ మధ్యకి వెళ్తుంది, స్విచ్ నొక్కితే ఎనిమిది సెకన్లలో పళ్ళు ఎర్రబడతాయి. మంట లేదు, పొగ లేదు, మసి లేదు. ఇనుప ముక్కకి ఇంత మర్యాద. అన్నం పెట్టే మనిషికి వార్నీషు పొగ.

ఈ చివరి రెండు వాక్యాలూ నేను రాసి ఫ్యాక్టరీలో అతికించే గోడపత్రికలో వేస్తాను.

మార్చి 4, మంగళవారం, మధ్యాహ్నం

మా షెడ్డులో ఇనుముని కాల్చే ఇండక్షన్‌ని వంటింటికీ పెట్టమని అడగడానికి మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఇండక్షన్ ప్రొడక్షన్‌కమ్మా, క్యాంటీన్ వెల్ఫేర్ కిందికి వస్తుంది అన్నాడు. తిని పనిచేసేవాళ్ళు ప్రొడక్షన్ కిందికి వస్తారా, వెల్ఫేర్ కిందికా అని అడిగాను. ఆయన ఒక ఫైలు తెరిచి చూపించాడు. నెలాఖరుకి వంటింటిని బయటి కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారట. వదినకి ఆవరణ ఊడ్చే పని ఇస్తారట. గాలి బాగా తగులుతుంది కదా అన్నాడు! నా అరికాలి మంట నెత్తికెక్కింది.

మూల గదిలో పాత ఇండక్షన్ యూనిట్ పడి ఉంది, కాయిల్ మేం చుట్టుకుంటాం, దాని మీద వండి చూపిస్తాం అన్నాను. ఆయన వెనక్కి వాలి మరీ నవ్వాడు. సరే, ఇరవయ్యో తారీఖు, గురువారం. పన్నెండున్నర గంట కొట్టేసరికి రెండు వందల మందికీ భోజనం సిద్ధంగా ఉండాలి, ఒక్క పుల్ల కూడా వెలిగించకూడదు. అది జరిగితే వంటిల్లు మీదే. జరగకపోతే కాంట్రాక్టు గురించి మీ గోడపత్రికలో ఒక్క అక్షరం కనపడకూడదు అన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

నా వంటింటి మీద పందెం కాసొచ్చావా, నన్నొక్క మాట అడగాలనిపించలేదా అంది వదిన. నీ కోసమే కదా అన్నాను. అందరూ నా కోసమే చేస్తారు, మేనేజరు కూడా నాకు గాలి తగలాలనే కదా చీపురు ఇస్తానన్నాడు అంది.

తర్వాత తనే, కాయిల్ అంటే దోమలకి వెలిగించేదే కదా, దాంట్లోంచీ పొగే వస్తుందిగా అంది. ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. రాగి గొట్టాన్ని దోమల కాయిల్ లాగానే చుడతాం. గొట్టంలోకి పంపిన కరెంటు సెకనుకి వేలసార్లు అటూ ఇటూ పరుగెడుతుంది. దాని మీద గిన్నె పెడితే గిన్నె అడుగులోనూ కరెంటు పుడుతుంది, గిన్నె తనంతట తనే వేడెక్కుతుంది. కాయిల్ ఎర్రబడదు, మంట ఉండదు.

అంటే తను చల్లగా ఉండి, పక్కవాళ్ళని మండిస్తుందన్నమాట, నీ చుట్టమే అంది వదిన.

మార్చి 6, గురువారం

యూనిట్ వెలిగింది! ఎలక్ట్రీషియన్ని అందరూ ఫ్యూజు అంటారు, చిన్న లోడు పడినా ఎగిరిపోతాడు కాబట్టి. ఇది పనికిరాదక్కా అన్నాడు, లోపల పాము ఉంటుందక్కా అన్నాడు, నాకు సెలవుందక్కా అన్నాడు. నీ మధ్యాహ్నం అన్నం ఎవరు వండుతున్నారురా అన్నాను. మూడు గంటలు దుమ్ము ఊది, రెండు కెపాసిటర్లు మార్చి స్విచ్ వేశాడు. పచ్చలైటు. ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం. వాడు గెంతుతూ కూడా, ఇరవై అయిదు కిలోవాట్లు ఇస్తుందనుకోకక్కా, పాతది అంటూనే ఉన్నాడు.

మార్చి 8, శనివారం

పొద్దున వంటింటికి వెళ్ళి పెద్ద గిన్నె అడుగు కొలిచాను. వదిన, ఆమెతో వండే ఇద్దరూ చుట్టూ నిలబడ్డారు. వేడి ఎవరి హక్కు అనే విషయం మీద వాళ్ళకి నాలుగు మాటలు చెప్పాను. ఒకామె బియ్యం ఏరుతూనే వింది. వదిన ఏదో అనబోయి దగ్గింది.

తర్వాతంతా చుట్టుడే. గొట్టంలో ఇసుక దట్టించి రెండు కొసలూ మూశాను, లేకపోతే వంచినచోట నొక్కుకుపోతుంది. చెక్క అచ్చు మీద లోపలి నుంచి బయటికి తొమ్మిది చుట్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య వేలెడు సందు. మరీ దగ్గరైతే ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి, మరీ ఎడమైతే గిన్నె మధ్యలో చల్లటి మచ్చ మిగులుతుంది. కుటుంబాల్లాగే. ఇసుక దులిపి నీళ్ళు పంపాను. ఎక్కడా చుక్క కారలేదు. ఇరవై రెండేళ్ళలో ఇంత అందమైన కాయిల్ చుట్టలేదు. ఎవరూ చూడకుండా ఒకసారి ముద్దు పెట్టుకున్నాను. రాగి వాసన.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం

పరువు పోయింది.

గిన్నె నిండా నీళ్ళు పోసి స్విచ్ వేశాం. కాయిల్ గుయ్యిమంది. పది నిమిషాలు. అరగంట. గిన్నెలో నీళ్ళు స్నానానికి కూడా పనికిరావు. కాయిల్ చల్లబడాలని గొట్టంలో తిప్పుతున్న నీళ్ళు మాత్రం చెయ్యి పెట్టనివ్వడం లేదు. యూనిట్ నాలుగుసార్లు ట్రిప్ అయింది. ఫ్యూజు అయిదుసార్లు. చుట్లు తక్కువయ్యాయన్నాడు, సందు ఎక్కువైందన్నాడు. నేను యూనిట్‌ని అన్నాను, వాణ్ణి అన్నాను, పెట్టుబడిదారీ వ్యవస్థని అన్నాను. మేనేజరు తలుపు దగ్గరికి వచ్చి, వాచీ చూసుకుని వెళ్ళాడు. ఏమైనా అనుంటే బాగుండేది.

అదే రోజు, సాయంత్రం

వదిన అన్నం వడ్డిస్తూ, ఆ గిన్నె దేనితో చేశారో చూశారా అని అడిగింది.

నేను ముద్ద ఎత్తినదాన్ని ఎత్తినట్టే ఆగిపోయాను.

అల్యూమినియం!

ఇరవై రెండేళ్ళుగా నా కాయిల్ ముందుకి ఇనుము తప్ప ఏదీ రాలేదు. గేరూ ఇనుమే, షాఫ్టూ ఇనుమే, బోల్టూ ఇనుమే. ముందు పెట్టింది వేడెక్కుతుంది, అంతే. అది ఏమిటని అడగాలన్న ఆలోచనే పుట్టలేదు. ఇనుమైతే ఎదురు నిలబడి వేడెక్కుతుంది, అల్యూమినియంలో మా కరెంటు ఊరికే జారిపోతుంది. ఇది నేను కొత్తవాళ్ళకి పాఠం చెప్పే విషయం!

ఇండక్షన్ స్టవ్ కొనుక్కున్న ప్రతి ఆడదానికీ తెలుసు అంది వదిన. గిన్నె కొనేటప్పుడు షాపువాడే అడుగుకి అయస్కాంతం అంటించి చూపిస్తాడు, అంటుకోకపోతే ఆ గిన్నె దాని మీద పనికిరాదు, దీనికి ఇంజినీరింగు చదవాలా అంది. మరి ముందే చెప్పొచ్చు కదా అని అరిచాను. శనివారమే చెప్పబోయాను, నువ్వు ఉపన్యాసంలో ఉన్నావు అంది.

మార్చి 12, బుధవారం

ఫ్యాక్టరీలో ఇవాళ చూసినవాడి చేతిలో అయస్కాంతమే. డబ్బాలకి, మూతలకి, గరిటెలకి, ఒకడైతే మేనేజరు టిఫిన్ క్యారియర్‌కి కూడా అంటించి చూశాడు. అంటుకోలేదు. ఆయన దేనికీ అంటుకోడక్కా అన్నాడు ఫ్యూజు.

అంత పెద్ద ఇనుప గిన్నె బజారులో లేదు. వెల్డరు అయిదు మిల్లీమీటర్ల కొత్త రేకు తట్టి చూసి, మూడు రోజులివ్వండి అన్నాడు. గుండ్రంగా రాకపోతే నన్ననొద్దు అన్నాడు. వదిన వచ్చి, గుండ్రం సంగతి తర్వాత, లోపలి మూల నున్నగా ఉండాలి, అతుకు దగ్గర గీత మిగిలితే అన్నం అక్కడే అంటుకుంటుంది అని వేలితో గీసి చూపించింది. నేను నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను. కొత్తగా ఉంది.

మార్చి 14, శుక్రవారం

వెల్డరు రాలేదు, వాళ్ళ పాపకి జ్వరమట. నేను జ్వరాన్ని తిట్టాను.

మార్చి 17, సోమవారం

మరిగాయి! ఎనభై లీటర్లు, పంతొమ్మిది నిమిషాలు!

గిన్నె కాస్త కోలగా వచ్చింది. వదిన దాన్ని రెండుసార్లు తోమి, నూనె రాసి, కాల్చి, మళ్ళీ రాసింది. స్విచ్ వేయగానే కాయిల్ గొంతు మారింది. మొన్నటి గుయ్యి కాదు, నిండుగా, బరువు ఎత్తుకున్నవాడి మూలుగులాగా. అడుగున చిన్న బుడగలు లేచాయి. తర్వాత మొత్తం నీళ్ళన్నీ తిరగబడ్డాయి. వంటవాళ్ళలో చిన్నామె గిన్నె కిందికి వంగి చూసి, ఏమీ మండట్లేదే అని అరిచింది. వెల్డరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆవిరికట. ఆవిరి ఆయనున్న వైపు రానేలేదు.

మార్చి 18, మంగళవారం

బియ్యం పోశాం. మొదటి వాయి పొంగి నేలంతా పారింది. రెండో వాయి అడుగంటింది. ఇంకా రెండు రోజులే ఉన్నాయి, పొయ్యి ఉంది, గిన్నె ఉంది, అన్నం లేదు!

మంట కనపడకపోతే ఎట్లా వండాలి అంది వదిన. ఇన్నేళ్ళూ మంటని చూసే చెక్క లాగింది, తోసింది. ఫ్యూజు నాబ్ చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలు వేశాడు. ఆరున్నరలో పెట్టండి ఆంటీ అన్నాడు. ఆరున్నర అంటే అన్నానికి ఏం తెలుసు అంది వదిన. కుర్చీ లాక్కుని, నాబ్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుంది. గిన్నెలో చప్పుడు వింటూ కొద్దికొద్దిగా తిప్పింది. ఒకచోట ఆగి, ఇక్కడ పొంగు అని రాయి అంది. ఇంకోచోట, కుతకుత. ఇంకా కిందికి, మగ్గు. నేను మార్కర్‌తో రాశాను. ఇన్నేళ్ళుగా ఎన్నో రాశాను, డిక్టేషన్ తీసుకోవడం ఇదే మొదలు.

మూడో వాయి పువ్వులా ఉడికింది.

మార్చి 20, గురువారం, 10:40

ఒక వాయి అన్నం దిగింది. రెండోది కుతకుతలో ఉంది. తర్వాత కూర. యూనిట్ ట్రిప్ అయింది! కాయిల్ గొట్టంలో తిరిగే ట్యాంకు నీళ్ళు వేడెక్కిపోయి దాన్ని చల్లబరచడం లేదు. అయిపోయిందక్కా అంటున్నాడు ఫ్యూజు. వదిన లేచింది.

మధ్యాహ్నం 1:30

చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

వదిన ఫ్యూజుని అడిగింది ఒకటే, దానికి చల్లనీళ్ళు కావాలి అంతేగా అని. అంతే అన్నాడు. వంటవాళ్ళిద్దరూ బకెట్లు అందుకున్నారు. ఒకరు వేడినీళ్ళు తోడితే ఒకరు చల్లవి పోశారు. తోడిన వేడినీళ్ళు పారబోస్తుంటే వదిన ఆపి, వాటినే కూరలోకి పొయ్యమంది! సగం మరిగిన నీళ్ళు ఉత్తపుణ్యానికి పారేస్తారా అంది. ట్యాంకు నీళ్ళు తాగేవి కావు వదినా అని నేను అడ్డుపడ్డాను. అయితే గిన్నెలు తోమడానికి అంది. తగ్గదు. నేనూ ఒక బకెట్ అందుకున్నాను. పచ్చలైటు వచ్చింది. కుతకుత. మగ్గు. కూర పొంగు.

పన్నెండు ఇరవై రెండుకి మూతపెట్టి చేతులు కడుక్కుంది. గంట కొట్టాక మేనేజరు అందరి వెనక వచ్చి పళ్ళెం పట్టుకున్నాడు. మారు వడ్డించుకున్నాడు. ఉప్పు సరిపోయిందా అని వదిన అడిగింది. సరిపోయింది అన్నాడు. అంతకంటే పెద్ద సంతకం నాకు అక్కర్లేదు. అయినా కాగితం మీద కూడా పెట్టించుకున్నాను. వంటిల్లు వదినదే.

ఏప్రిల్ 9, బుధవారం

క్యాంటీన్ గుమ్మం మీద మేనేజరు బోర్డు పెట్టించాడు: యాజమాన్యం వారి పొగరహిత వంటశాల. వారి! ఆ రోజు వాచీ చూసుకుని వెళ్ళిన వారు! గోడపత్రిక ప్రత్యేక సంచిక రాస్తున్నాను. ఒక మనిషి శ్రమ మీద ఇంకొకడి పేరు రాసుకోవడాన్ని ఏమంటారో రెండు కాలమ్‌ల నిండా దులిపేశాను.

ఏప్రిల్ 14, సోమవారం

సంచిక పొద్దున అతికించాను. కాయిల్ సెక్షన్ విజయం అని శీర్షిక.

మధ్యాహ్నం వదిన మా షెడ్డులోకి వచ్చింది. వంటవాళ్ళు సహకరించారని రాశావేంటే, సహకరించడమేంటి, గిన్నె సంగతి చెప్పింది నేను, నాబ్ మీద మాటలు చెప్పింది నేను, నీళ్ళు మార్చింది మావాళ్ళు, ఇన్నేళ్ళు ఆ పొగ మింగింది మేము, నువ్వు చుట్టావు సరే, చుట్టలేదని ఎవరన్నారు, కానీ మేనేజరు పేరు రాసుకున్నాడని రెండు కాలమ్‌లు ఏడ్చినదానివి, నా వంటింటి మీద నీ సెక్షన్ పేరు ఏ మొహం పెట్టుకుని రాశావు, అడిగేవాళ్ళు లేరనుకున్నావా అంది.

అంతా ఒక్క ఊపిరిలో. ఒక్క దగ్గు లేదు.

ఇంకా తిట్టు వదినా అన్నాను.

తిట్టింది.