లాల్‌బాగ్ ఒక్కటి చాలు

హిందూపురం,
బుధవారం.

ఖాతూన్‌బీ అక్కకు చెల్లెలి సలాం.

ఫోన్లో బెంగళూరు మాటెత్తితే చాలు, "నాకు మందుల వాసనొస్తాది" అని పెట్టేస్తాండావు. అందుకే రాస్తాండా. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేసేకి కాదు కదా.

రెండేండ్లు నీ వైద్యానికి ఆ ఊరికి తిరిగితిమి. నువ్వు ఆస్పత్రి లోపల పండుకోనుంటే బయట నేనెట్లుంటినో, అదంతా ఇప్పుడొద్దు. పోయిన నెల డాక్టరమ్మ "బాగయిందమ్మా, ఇంక ఏడాది దాకా రానక్కర్లేదు" అనె. తిరిగొస్తాంటే లాల్‌బాగ్ గేటు కాడ నిలబడి నువ్వు "లోపల ఏముంటాదే?" అంటివి. "ఏముంటాది, చెట్లు. రైలు పోతాది పా" అని నేను నీ చెయ్యి లాగితి. నీ మొకం చిన్నదాయె. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉండాది.

ఈ ఆదివారం పోదాం. మా పాప షబీనా చూడాల్సినవని ఏడు చోట్లు రాసిచ్చింది. నేను ఆరు కొట్టేసినా. లాల్‌బాగ్ ఒక్కటి చాలు. పొద్దున్నే నువ్వు పెనుకొండలో రైలెక్కు, హిందూపురంలో నేను అదే బండెక్కుతా. మెల్లగా నడుద్దాం, ఆయాసమొస్తే కూర్చుందాం. చిత్రాన్నం నేను తెస్తా. తిని, నీడలో ఒక కునుకు తీసి, సాయంత్రం బండికి వచ్చేద్దాం.

రిపోర్టుల సంచి మాత్రం ఇంటికాడే పెట్టిరా. రెండేండ్లు అది నీ చంక దిగలేదు. ఈసారి నా చెయ్యి పట్టుకో.

రైల్లో నాకు కిటికీ పక్కన సీటు పట్టిపెట్టు.

నీ చెల్లెలు