ముందు ఆ గుర్రానికి నీళ్లు పెట్టించండి

సోమవారం

మహారాజశ్రీ గుసగుస బావగారికి,

నిన్న మధ్యాహ్నం దాకా మహారాజుగా వెలిగి, ప్రస్తుతం నవ్వులపాలైన మీ బావమరిది నమస్కరించి రాసేది.

ఫోను చేద్దామనే అనుకున్నాను. కానీ మీతో ఫోనులో మాట్లాడటమంటే గాలికి చెవి అప్పగించడమే. ఇన్నేళ్లూ స్టేజి పక్కన వింగులో కుర్చీ వేసుకుని మా అందరికీ డైలాగులు అందించీ అందించీ మీ గొంతు గుసగుస దగ్గరే ఆగిపోయింది. నేను "హలో, హలో" అని అరవడం, మీరు అవతల ఏదో అనడం, పక్కింటాయన గోడమీంచి తొంగిచూడటం. అందుకే ఈ కాగితం.

మన ఒప్పందం ఏమిటి బావగారూ? ప్రతి ఆదివారం నేను వెనక గదిలో దుప్పటి తెర కట్టుకుని, కంప్యూటరు ముందు ఒక్కణ్ణే మన రాజు నాటకం ఆడతాను. అది లైవ్‌లో వెళ్తుంది. మీరు మీ ఇంట్లో బ్రౌజరు తెరిచి చూస్తుంటారు. మాట గుర్తు రాకపోతే నేను ఎడమ చెవి గోక్కుంటాను. మీరు వెంటనే పక్కనున్న లైవ్ చాట్‌లో తరవాతి డైలాగు కొట్టాలి. ఎవరో అభిమాని ఉత్సాహం పట్టలేక రాశాడని జనం అనుకుంటారు. కొద్దిపాటి ఆలస్యం ఎలాగూ ఉంటుంది, దాన్ని నేను దీర్ఘ నిశ్వాసంతో నింపుకుంటాను.

మరి నిన్న ఏం జరిగింది? గుర్రం సీనులో చెవి గోక్కున్నాను. మీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఏదో కప్పిపుచ్చుకున్నాను. ఆఖరి సీనులో మహారాజు మంచాన పడ్డాడు. కొడుకు గొంతుతో నేనే అడిగాను: "నాన్నగారూ, మీ తరవాత ఈ రాజ్యం ఎవరిది?" జవాబు గుర్తు రాలేదు. మళ్లీ చెవి గోక్కున్నాను. చాట్‌లో మీ మాట మెరిసింది. ఇన్నేళ్ల నమ్మకం కదా, ముందూ వెనకా చూడకుండా అనేశాను.

"ముందు ఆ గుర్రానికి నీళ్లు పెట్టించండి."

చాట్ నిండా పళ్లికిలించే బొమ్మలే. "చచ్చేముందు కూడా ఎంత దయ!" అని ఒకావిడ రాసింది. ఇక అసలు డైలాగు ఎప్పుడొచ్చిందంటే, నేను చచ్చి, లేచి, అందరికీ దండం పెట్టి, మీసం పీకేసుకున్నాక. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

నవ్వులాట అటుంచితే, సంగతి మీకు తెలుసు. హాలు మేనేజరు ఈ లైవ్‌లు చూస్తున్నాడు. వచ్చే సీజనులో స్టేజి మీద రాజు వేషం నాకే ఇవ్వాలా, ఆ కొత్త కుర్రాడికిచ్చి నన్ను ద్వారపాలకుణ్ణి చెయ్యాలా అన్నది త్వరలో తేలుస్తాడు. ద్వారపాలకుడికి డైలాగులు లేవు. ఈటె ఉంటుందంతే.

వెబ్‌సైటు వాళ్ల సహాయం పేజీ చదివాను. పేజీ రిఫ్రెష్ చెయ్యమంది. అప్పటికీ కుదరకపోతే బ్రౌజరులో పేరుకున్న పాత డేటా మొత్తం తుడిచెయ్యమంది. తుడవండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: నిద్రపోయారా? పోతే చెప్పండి, అక్కతో అనను.

*

గురువారం

చిరంజీవి బావమరిదికి, సామెతలోని కుక్క ఆశీర్వదించి రాసేది.

ఒరేయ్, నా సర్వీసులో ఒక్క మాట ఆలస్యంగా అందించి ఎరగను. నువ్వు చెవి మీద చెయ్యి వెయ్యగానే కొట్టాను. గుర్రం సీనులోనే వేశావు, గుర్రం డైలాగే ఇచ్చాను. నా కళ్లతో చూశాను. ఆడలేక మద్దెల ఓడు అందిట వెనకటికి ఒకావిడ.

తప్పు నీ ఇంటి నెట్‌ది. నువ్వు దుప్పటి తప్పించుకుని లోపలికి అడుగు పెడతావు చూడు, సరిగ్గా అప్పుడే బొమ్మ బిగుసుకుపోతుంది. కత్తి పైకెత్తి, నోరు సగం తెరిచి, తుమ్ము రాక తిప్పలు పడేవాడిలా అలాగే ఉండిపోతావు. నేను స్క్రిప్టులో వేలు పెట్టుకుని కూచుంటాను. కాసేపటికి నీకు మళ్లీ ప్రాణం వస్తుంది.

ఆ చాట్‌లో జనానికి కూడా మర్యాద లేదు. నువ్వింకా గుర్రం దిగనేలేదు, అప్పుడే "అయ్యో, రాజుగారు పోయారు" అని రాసేస్తున్నారు. నాటకం ముందే చూసేసిన బాపతు కాబోలు.

మా ఇంట్లో ఏ లోపమూ లేదు. నాకు రెండు చేతులూ టైపుకే సరిపోతాయి కాబట్టి కీబోర్డు నేను తీసుకున్నాను, మౌసు మీ అక్క తీసుకుంది. కాపురంలాగే పంచుకున్నాం: శ్రమ నాది, నిర్ణయం ఆవిడది. నువ్వు చెప్పినట్టు పాత డేటా అంతా శుభ్రంగా తుడిపించాను.

ఆశీస్సులతో,
నీ బావ

తా.క.: రాజుగారి కోటు కింద నీ చొక్కా కాలరు చిరిగి ఉందని మీ అక్క చెప్పమంది. అంత వేగంగా కత్తి తిప్పుతుంటే నాకైతే కోటే సరిగ్గా కనపడలేదు.

*

సోమవారం

బావగారికి, తీగల మధ్య చిక్కుకున్న బావమరిది నమస్కారాలు.

మీ మాట నమ్మి నెట్ అతన్ని పిలిపించాను. మేడ ఎక్కాడు, దిగాడు, వంటింట్లోంచి గదిలోకి కొత్త తీగ లాగాడు. ఇప్పుడు నేను పొయ్యి దగ్గరికి వెళ్లాలంటే గెంతాలి. "ఈ వేగంతో మీరు నాటకం కాదు సార్, యుద్ధమే ప్రసారం చేసుకోవచ్చు" అని భరోసా ఇచ్చి పోయాడు.

తీరా నిన్న చూస్తే మీరు పత్తా లేరు! మీ పేరు కోసం చాట్ అంతా కళ్లు కాయలు కాచేలా చూశాను. మీ బదులు "బుజ్జిపిల్లి" అని ఎవరో దిగారు. పేరు పక్కన గులాబీ రంగు రిబ్బను కట్టుకున్న పిల్లి బొమ్మ. నేను రాణిగారి చెయ్యి పట్టుకుని "దేవీ, నీ మనసులో మాట చెప్పు" అంటున్నాను. అప్పుడా బుజ్జిపిల్లి ఏం రాసిందో తెలుసా? "వాడి తల నరికి కోటగుమ్మానికి వేలాడదీయండి."

చాట్ దాన్ని జనానికి చూపించకుండా పట్టేసి, ఈ మాట వెయ్యమంటారా, వద్దా అని నన్నడిగింది. అది యుద్ధం సీనులో నాకు కావలసిన డైలాగు అని తోచేసరికి నాటకం అయిపోయింది. ఈలోగా నా చెవి కందగడ్డయింది. చెవిపోటుకు ఏం మందు వెయ్యాలో ఒకాయన చాట్‌లో రాశాడు. మేనేజరు "ఊఁ" అని మాత్రం రాశాడు. ఆ "ఊఁ" నాకు నిద్ర పట్టనివ్వలేదు.

ఒక పరీక్ష పెడదాం. బుధవారం సాయంత్రం మనవాళ్ల వరకే లైవ్ పెడతాను. వేషం లేదు, డైలాగు లేదు. నేను ఎర్ర తువ్వాలు పైకెత్తగానే మీరు "ఎరుపు" అని కొట్టండి. చాలు.

మీ బావమరిది

తా.క.: కాలరు కుట్టించాను. అయినా అంత దూరాన్నుంచి అక్కకెలా కనిపించింది?

*

గురువారం

బావమరిదికి, బుజ్జిపిల్లి ఆశీస్సులు.

అవున్రా, ఆ పిల్లిని నేనే. నువ్వు తుడవమన్నావు, తుడిపించాను. దాంతో నా ఖాతా కూడా కొట్టుకుపోయింది. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తు? సెలవులకొచ్చినప్పుడు మనవరాలు తెరిచిన ఖాతా ఒకటి ఉంటే దాంతోనే లోపలికి పోయాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టయింది. పైగా "మర్యాదగా మాట్లాడండి" అని చాట్ నాకు హెచ్చరిక ఇచ్చింది. ఎన్ని తలలు నరికించానో నేను! ఏ స్టేజీ మీదా ఎవరూ ఒక్క మాట అనలేదు.

నిన్న పరీక్షకి ముందే కూచున్నాను. నువ్వు రాగానే, అలవాటు ప్రకారం, బొమ్మ బిగుసుకుంది. ఆ తీగల అతను నిన్ను ముంచాడని అప్పుడే అనుకున్నాను. తరవాత నువ్వు కదిలావు, తువ్వాలు ఎత్తావు, నేను "ఎరుపు" కొట్టాను. రెప్ప వేసే వ్యవధి కూడా లేదు. ఇక నువ్వే ఒప్పుకో.

నీ బావ

తా.క.: నీ కళ్ల కింద నలుపు వచ్చిందనీ, బుగ్గ ఎముక తేలిందనీ మీ అక్క నిన్నంతా ఒకటే గొడవ. పొద్దున ఏం తింటున్నావో రాయమంది.

*

శనివారం

బావగారికి నమస్కారాలు.

ఒప్పుకోవాల్సింది మీరే. బుధవారం నేను తువ్వాలు ఎత్తాను. దించాను. మడతపెట్టాను. తీగ గెంతి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగాను. వచ్చి చూస్తే అప్పుడు పడింది చాట్‌లో మీ "ఎరుపు".

అంటే, మీరు చూస్తున్నది ఎప్పుడో అయిపోయిన నన్ను. అందుకే నేను బతికుండగానే జనం నా చావుకి ఏడుస్తున్నట్టు మీకు కనిపించింది.

సహాయం పేజీలో ఒక మూల ఇదీ రాసి ఉంది. వీడియోని ఎవరైనా పాజ్ చేస్తే బొమ్మ అక్కడ ఆగిపోతుంది, అసలు కార్యక్రమం మాత్రం ముందుకెళ్లిపోతుంది. మళ్లీ నడిపించినా వెనకబడే నడుస్తుంది. అప్పుడు కింద "లైవ్" పక్కన చుక్క ఎరుపు పోయి బూడిదరంగులోకి మారుతుంది. దాన్ని నొక్కితే మళ్లీ అందరితో కలుస్తాం. బావగారూ, మీ చుక్క ఏ రంగు? మీ ఇంట్లో ఎవరు ఆపుతున్నారు?

నిజం చెప్పనా? నాకు భయంగా ఉంది. మునుపు తలుపు తెరిస్తే చాలు, మాటలు వాటంతటవే వచ్చేవి. ఇప్పుడు ఒక్కోసారి తలుపే కనపడటం లేదు. మీరు వెనకున్నారన్న ధైర్యంతోనే కత్తి ఎత్తుతున్నాను. ఈ ఆదివారం లైవ్ పెట్టడం లేదు. ఆపై ఆదివారం చూసి మేనేజరు తేల్చేస్తాడట. చేతిలో ఈటె పట్టుకుని మౌనంగా నిలబడే రోజు అప్పుడే వద్దు బావగారూ.

మీ బావమరిది

తా.క.: పొద్దున బ్రెడ్డు తింటున్నాను. రెండు రకాలు: కాల్చినది, కాల్చడం మరిచిపోయినది.

*

మంగళవారం

ఒరేయ్ బావమరిదీ,

చుక్క బూడిదరంగే. చూశాను. సిగ్గుతో తల వంచుకుని రాస్తున్నాను. ఆలస్యం మా వైపుదే. కానీ నేను ఆపలేదు. కీబోర్డు మీంచి చెయ్యి తియ్యనేలేదు. మీ అక్కనడిగితే, అప్పటిదాకా అన్నిటికీ జవాబు చెప్పే మనిషి లేచి వెళ్లి, ఇస్త్రీ చేసిన బట్టలే మళ్లీ ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మన పని. మిగతాది ఆవిడే రాస్తుందట. నన్ను చదవొద్దంది. చదివాను.

నీ బావ

తా.క. (ఇది అక్క రాస్తున్నది): తమ్ముడూ, ఆపింది నేనే. నువ్వు తెర మీదికి రాగానే ఆపుతాను. కదులుతూ ఉంటే నీ మొహం సరిగ్గా ఆనదు. ఎన్నాళ్లయింది నిన్ను చూసి! ఫోనులో ఎలా ఉన్నావంటే "బ్రహ్మాండంగా ఉన్నాను" అంటావు. నటుడివి, నీ గొంతుని నేనెలా నమ్మను? బొమ్మ ఆపేస్తే మాత్రం నువ్వు నటించలేవు. కాలరు చిరిగిందీ, చిక్కిపోయిందీ అలాగే తెలిసింది. నా మూలాన నీ వేషం పోయేలా ఉందని తెలియదు. ఇక మౌసు ముట్టుకోను. ఆ బ్రెడ్డు మానెయ్యి.

*

మంగళవారం

బావగారికీ, అక్కకీ, మీ బావమరిది, మీ తమ్ముడు, ఇద్దరికీ ఒకే దండం పెట్టి రాసేది.

ఆదివారం ఏం జరిగిందో మీరూ చూశారు. ఇటువైపు నుంచి ఎలా జరిగిందో చెబుతాను.

అక్క ఉత్తరం కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. దుప్పటి తప్పించుకుని వచ్చాను. మామూలుగా అయితే కత్తి ఝళిపిస్తూ గదంతా తిరగాలి. కాళ్లు ముందుకు పోలేదు. తిన్నగా కెమెరా ముందుకొచ్చి, మొహం వెలుగులో పెట్టి, కదలకుండా నిలబడ్డాను. రెప్ప కూడా వెయ్యలేదు. చూసుకో అక్కా అనుకున్నాను. బాగా చూసుకో, ఆపనక్కర్లేదు.

చాట్‌లో గగ్గోలు. "బొమ్మ ఆగిపోయింది." "నాకూ ఆగిపోయింది." "రిఫ్రెష్ చెయ్యండి." "చేశాను, అయినా కదలడం లేదు." ఒకాయన వేరే బ్రౌజరులో ప్రయత్నించమన్నాడు. సగంమంది బయటికిపోయి మళ్లీ లోపలికొచ్చారు. నా జేబులో ఫోను వణికింది. తరవాత చూస్తే నెట్ అతను! "సార్, తీగ ఎక్కడైనా తొక్కారా?" అట.

అక్క తృప్తిగా చూసుకుని ఉంటుంది అనిపించాక కదిలాను. ఇక చూడండి బావగారూ, చెవి మీద చెయ్యి పడిందో లేదో, దీర్ఘ నిశ్వాసం సగంలో ఉండగానే మీ మాట! ఆఖరి సీనులో రాజ్యం ఎవరిదని కొడుకు అడిగినప్పుడు చెవి గోక్కోబోయాను. చెయ్యి సగంలోనే ఆగింది, మాట అదే వచ్చేసింది. "రాజ్యం ఎవరిదని కాదు నాయనా, రాజు ఎవరివాడని అడుగు." మీరు ఆ డైలాగు కొట్టి, నేను అనేశానని చూసి చెరిపేసుకున్నారని నాకు తెలుసు. చాట్‌లో మీ పేరు పక్కన, టైపు చేస్తున్నారని చూపించే మూడు చుక్కలు ఎగిరెగిరి ఆగిపోయాయి.

నిన్న మేనేజరు స్వయంగా ఇంటికొచ్చాడు. తీగ తట్టుకుని పడబోయి, నిలదొక్కుకుని, నా చేతులు పట్టుకున్నాడు. "నోరు విప్పకముందు అలా నిలబడ్డారే, ఆ మౌనం! ఆ కుర్రాడికి ఈ జన్మలో రాదు. రాజు వేషం మీదే" అన్నాడు. ఆ మౌనం కళ కాదనీ, అక్క చూపుకోసమనీ నేను చెప్పలేదు. చెబితే మళ్లీ ఏ ఈటె ఇస్తాడో!

ప్రాంప్టరు కూడా కావాలన్నాను. ఎవరున్నారు అన్నాడు. "బుజ్జిపిల్లి అని ఒకాయన ఉన్నారు, బాగా అనుభవజ్ఞులు" అన్నాను. వింగులో మీ కుర్చీ తుడిపించి ఉంచమని చెప్పాను. మీ గుసగుస నా చెవిన పడాలంటే ఆ కుర్చీయే సరైన దూరం. వచ్చెయ్యండి.

ఇట్లు,
రాజుగా కొనసాగుతున్న మీ బావమరిది

తా.క. 1: అంతా ఒప్పుకున్న మేనేజరుకి ఒక్కటే అసంతృప్తి. "చచ్చిపోయే సీనులో ఆ గుర్రం మాట ఎందుకు తీసేశారు? మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది" అన్నాడు.

తా.క. 2: అక్కకి ముందు వరుసలో మధ్య సీటు పెట్టించాను. హాల్లో మౌసు ఉండదని ముందే చెప్పండి. ఆవిడకి కావలసినంతసేపు నేనే ఆగుతాను.