బొక్క అతుక్కుంది

అమ్మా,

డ్యూటీ నుంచి రాంగనే నా మంచం ఖాళీగున్నదని లొల్లి చెయ్యకు. పప్పు పొయ్యి మీదున్నది, వేడి చేస్కొని తిను. ట్యాంకు నిండింది, మోటరు మల్ల ఎయ్యకు.

పొద్దుగాల నువ్వు పోయినంక పక్కింటి సామ్యూల్ అన్న నన్ను తన ఆటోల దవాఖానకు తీస్కపోయిండు. ఎక్స్‌రే తీసిన్రు. పిక్కల నుంచి కోసి తుంటిల పెట్టిన బొక్క మంచిగ అతుక్కుందంట అమ్మా! నెత్తురందక సచ్చిపోతున్న జాగల కొత్త బొక్క పుడుతున్నదంట! "ఇరవై మూడేండ్లకే తుంటి కీలు మార్చుడు తప్పింది బిడ్డా. ఇగ కట్టె లేకుంట మెల్లగ నడువు" అన్నడు డాక్టర్. నేను సంబురం పట్టలేక ఆయన కాళ్లు మొక్కబోయిన. "గట్ల వంగకు!" అని తిట్టిండు. నవ్వాగలే నాకు.

ఎనిమిది నెలలైంది నేను నా కాళ్ల మీద బయటికి పోక. గందుకే పురానాపూల్ బ్రిడ్జి మీద సగం దాంక నడిచొస్త. ఫికర్ చెయ్యకు, అన్న ఆటోల ఎన్కనే వస్తడు.

ఒక్క మాట. ఆపరేషన్ ముందు నువ్వు చిన్నమ్మకు ఫోన్ చేసి "నా సోనీ ఇగ నడుస్తదో లేదో" అని ఏడ్చినవు. నేను పండుకోలే, అంత విన్న. మస్తు కోపమొచ్చింది. ఇప్పుడు నువ్వే ఆమెకు ఫోన్ చేసి చెప్పు.

సోనీ

నా చెప్పులు ఎవలకో ఇచ్చేసినవు కద, గందుకే నువ్వు చర్చికి ఏస్కునేటియి ఏస్కపోతున్న. అరిగిపోతే తిట్టకు, సంబురపడు.