చీనీ కొమ్మకు జవాబు

ప్రొద్దుటూరు

జేజీ, ఫోనులో నీకు సగమే వినపడుతుందని కార్డు రాస్తున్నాను. భయపడొద్దు, సంతోషంగానే ఉద్యోగం మానేశాను!

ఎమ్మెస్సీ సీటా, ఈ పురుగుమందుల అంగట్లో ఉద్యోగమా అని తేల్చుకోలేక ఉన్నానా, మొన్న తొండూరు రైతొకాయన ఎండిన చీనీ కొమ్మ తెచ్చాడు. వేరుకుళ్లు, పైన కొట్టే మందు దండగన్నాను. "మల్లా చిగురిస్తాదా మ్మా?" అన్నాడు. తెలియదన్నాను. మా ఓనరు బాలకృష్ణయ్య ఒకటే నవ్వు. "తెలీదనే మాట అంగట్లో చెల్లదు మ్మా, కాలేజీలో చెల్లుతాది. పోయి చదువుకో పో!"

వచ్చే నెల తిరుపతిలో చేరుతున్నాను. చింతకాయ తొక్కు పంపించు. మోకాలికి నూనె రాస్తున్నావా? మన తోటలో ఎండుతున్న మూడు చీనీచెట్లను నాయన కొట్టేస్తానంటే అడ్డంగా కూర్చో. వాటి తొలి చిగురు ఆ తొండూరాయనకు చూపించాలి.

నీ కాళ్లకు దండాలతో,
మనవరాలు ప్రశాంతి