రుజువమ్మ తమ్ముడి సంగతి

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో నీ చిన్నకూతురు వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఆయన దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అక్కా, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఇంకా ఉన్నానని గుర్తుచేస్తూ ఉంటుంది. వంటింటి గోడ చెమ్మ ఆరలేదు. నీ అల్లుడుగారు రెండుసార్లు సున్నం కొట్టారు, రెండుసార్లూ గోడే గెలిచింది. పాప పడుకునేముందు ప్రార్థన చేస్తోందా అన్నావు. చేస్తోంది. అందులో సగం లెక్కల టీచరు మీద ఫిర్యాదులే. ఆ టీచరుకి ఏ రోజైనా జ్వరం వస్తే దీనికి దేవుడి మీద నమ్మకం మరీ పెరిగిపోతుందేమోనని నా భయం.

ఇక నీ చివరి ప్రశ్న. "నీ స్నేహితురాలి సంగతి ఎంతవరకు వచ్చింది? ఎప్పుడు ప్రభువు దారికి వస్తుందా అని మా ప్రార్థన కూటమంతా ఎదురుచూస్తోంది" అని రాశావు. దీనికి ఫోనులో జవాబు చెప్పొచ్చు. కానీ ఫోనులో నీకు సగమే వినబడుతుంది, ఈ సంగతి సగం వింటే లాభం లేదు.

మా లాబ్ గురించి నీకు కొంత తెలుసు. పొద్దున్నే ఊరి కుళాయిల నుంచి సీసాల్లో నీళ్ళు వస్తాయి. నేను వాటిలో ఉప్పూ క్లోరినూ చూస్తాను. ఆ స్నేహితురాలు క్రిములు చూస్తుంది. కాసిని నీళ్ళు గాజు పళ్ళెంలో పోసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, ఏం మొలిచిందో మర్నాడు చూసి చెబుతుంది. ఎవరేమన్నా "రుజువేది?" అంటుంది కాబట్టి జీపులో సీసాలు తెచ్చే డ్రైవరు బాబాయ్ ఆవిడకి రుజువమ్మ అని పేరు పెట్టాడు. ఇప్పుడు పై ఆఫీసరు కూడా అలాగే పిలుస్తాడు.

మేం ముగ్గురం మధ్యాహ్నం మేడమీద గదిలో కలిసి తింటాం. అక్కడే మా వాదనలు. ఓసారి నువ్వు నేర్పిన మాటే ప్రయోగించాను.

"క్రిమి కంటికి కనబడదు. అయినా ఉందని నమ్మట్లేదూ?"

"నమ్మడమెందుకు, పెంచి చూపిస్తున్నాగా! మీ దేవుణ్ణి కూడా ఓ పళ్ళెంలో పెట్టి ఇటివ్వు. పెట్టెలో చోటుంది. రేపు పొద్దున చూసి చెబుతా" అంది.

బాబాయ్‌కి నవ్వి నవ్వి పొలమారింది. "అమ్మాయ్, ఆయనకి నాదో చిన్న మనవి. మా జీపుకి కొత్త టైర్లు వచ్చేలా చూడమను. ఆదివారం మొదటి బెంచీలో నేనే ఉంటా."

"టైర్లు వస్తే నేనూ వస్తా" అంది రుజువమ్మ. "రుజువు కదా."

నేనూ నవ్వాను. ఇలా ఓడిపోయినప్పుడల్లా లోపలెక్కడో నాకు కొంచెం హాయిగా ఉండేది. ఎందుకో తర్వాత రాస్తాను.

నేను టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు నా సీసాలన్నీ ఆవిడే చేసింది, సాయంత్రం వచ్చి పాప చేత హోంవర్కు చేయించింది. నేను అడిగితే ఓ ఆదివారం మా సంఘంలో ఆరాధనకి కూడా వచ్చింది. బయటికి వస్తూ, "పాటలు బాగున్నాయి. ప్రసంగం చేసినాయనకి గడియారం ఎవరైనా కొనిపెట్టండి" అంది. ఆవిడ అంత మనసు విప్పి ఉన్న రోజుల్లోనే, బస్సు రాక నిలబడి ఉన్న ఓ సాయంత్రం, తన తమ్ముడి సంగతి చెప్పింది. అమ్మానాన్నా పోయాక ఆ తమ్ముణ్ణి తనే పెంచింది. వేరే ఊళ్ళో ఉద్యోగం అని లాబ్‌లో చెప్పేది. ఉద్యోగం కాదు, తాగుడు మాన్పించే కేంద్రంలో ఉన్నాడు. చెబుతూ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. "నీ కడుపులోనే ఉంచుకో" అంది. సరేనన్నాను.

ఆ వారమే నీకు రాశాను. నువ్వు శుక్రవారం కూటంలో దాన్ని ప్రార్థన అంశంగా చెప్పావు. అది నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదమ్మా. ప్రార్థనకి ఇచ్చిన సంగతిని నువ్వు ప్రార్థనలో పెట్టావు. నేనెందుకు రాశానన్నదే అసలు ప్రశ్న. ప్రతి ఉత్తరంలో నువ్వు "ఎంతవరకు వచ్చింది" అంటావు. నా దగ్గర చూపించడానికేమీ లేదు, పళ్ళెం ఖాళీ. ఆ పూట ఆవిడ కన్నీళ్ళు దొరికాయి. "మనసు మెత్తబడుతోందమ్మా" అని రాశాను. నువ్వు సంతోషిస్తావని రాశాను.

మీ కూటంలో పాటలు ఎత్తే ఆంటీ ఉందే, ఆవిడ కోడలు ఈ ఊళ్ళోనే, మా సంఘంలోనే ఉంది. ఆ ఆదివారం రుజువమ్మని నా పక్కన చూసింది, తర్వాత అత్తగారు సంగతి చెప్పగానే పోల్చుకుంది. మొన్నామధ్య తమ్ముడు కేంద్రం నుంచి ఇంటికి వచ్చాడు. ఓ కంపెనీలో పని చూసి, ఇంటర్వ్యూకి చొక్కా కొందామని రుజువమ్మ అతన్ని బట్టల షాపుకి తీసుకెళ్ళింది. అక్కడ ఈ అమ్మాయి కనబడి, చెయ్యి పట్టుకుని, "ఏం దిగులు పడకండి. మీ తమ్ముడి తాగుడు కోసం మా అత్తయ్యావాళ్ళంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నారండి" అందట. మనసారానే అంది. పక్కన చొక్కా భుజానికి ఆనించుకుని చూస్తున్నది ఆ తమ్ముడేనని ఆ పిల్లకి తెలీదు. షాపువాళ్ళూ, కొనేవాళ్ళూ తలెత్తి చూశారట. అతను చొక్కా మడతపెట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తాగలేదు. ఊరంతా నడిచి చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. కానీ ఇంటర్వ్యూకి వెళ్ళనన్నాడు. అక్కతో మాటల్లేవు. "అందరికీ నా గురించి చెప్పుకుంటున్నావన్నమాట" అన్నదే ఆఖరి మాట.

మర్నాడు రుజువమ్మ సీసాలు కడిగే గదిలో నన్ను పట్టుకుంది. అరవలేదు.

"ఎవరికి చెప్పావు?"

"అమ్మకి రాశాను."

"ఎందుకు?"

"ప్రార్థన కోసం."

ఆవిడ చేతిలో తడి సీసా ఉంది. దాన్ని నా ముందు పెట్టింది. "కుళాయి తిప్పావు, నన్ను సీసాలో పట్టావు, మూత పెట్టి మీ అమ్మకి పంపావు. రిజల్టు వచ్చిందా? నీతో స్నేహం అనుకున్నాను. నేను శాంపిల్‌నని తెలీదు."

ఆ తర్వాత ఆవిడ నాతో అంకెలు తప్ప ఇంకేం మాట్లాడలేదు. మధ్యాహ్నం మేడమీదికి రావడం మానేసి కింద మెట్ల మీద కూర్చుని తినేది. బాబాయ్ నన్నూ మెట్లనీ మార్చి మార్చి చూసి, "ఏంటమ్మాయ్, మీ ఇద్దరి మధ్య క్లోరిన్ ఎక్కువైందా?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తన గిన్నె తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. వెళ్ళడమే మంచిదైంది.

నేను ఆవిణ్ణి పోగొట్టుకుంటానని అప్పుడు తెలిసింది. విచిత్రమేమిటంటే, ఒక ఆత్మ చేజారిపోతోందన్న ఆలోచన రాలేదు. పొద్దున్నే లాబ్‌లోకి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు, అంతే.

శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. బస్సులో ఒక వాక్యం తయారుచేసుకున్నాను: "మా అమ్మ పెద్దావిడ, తెలీక అందరి ముందూ చెప్పేసింది." చూశావా, నిన్ను ముందు పెట్టి నేను వెనక దాక్కుందామనుకున్నాను.

తలుపు ఆ తమ్ముడే తీశాడు. సన్నగా, అక్క ముక్కుతో ఉన్నాడు. తయారుచేసుకున్న వాక్యం వదిలేశాను.

"మీ గురించి మా అమ్మకి రాసింది నేనే. మీ అక్క ఎవరికీ చెప్పొద్దంది" అన్నాను.

అతను పక్కకి జరిగి లోపలికి రానిచ్చాడు. ఆవిడ వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, కూర్చోమనలేదు.

"ఏం రాశారండీ?" అన్నాడు.

రాసిందంతా చెప్పాను. ఆవిడ ఏడ్చిందనీ, మనసు మెత్తబడుతోందని రాశాననీ కూడా చెప్పాను. ఆ మాటకి రుజువమ్మ "మెత్తబడటం!" అంది, అంతే.

అతను అక్కవైపు చూశాడు. "అయితే నువ్వు ఊరందరికీ చెప్పలేదా?"

"నీకు చెబుతూనే ఉన్నానుగా! వింటేగా!" అంటూ ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. తమ్ముడు లేచి కుర్చీ తెచ్చి అక్కకి వేశాడు. నేను నిలబడే ఉన్నాను. అది న్యాయమే.

కాసేపటికి ఆవిడ నావైపు తిరిగింది. "ఒకటడుగుతా. వాదనొద్దు, రుజువూ వద్దు. నీ సంగతి చెప్పు. నువ్వు ప్రార్థన చేస్తే వింటాడా?"

అమ్మా, ఈ మాట నీకు చెప్పాలనే ఇంత దూరం రాశాను. "తెలీదు" అన్నాను.

కాలేజీ రోజుల నుంచీ నాకిది ఉంది. కొన్ని పొద్దుల్లో మోకరిస్తే గదిలో ఎవరో ఉన్నట్టే ఉంటుంది, లేవబుద్ధి కాదు. కొన్నాళ్ళు, ఒక్కోసారి నెలల తరబడి, నా గొంతు నాకే వినబడుతుంది, అంతే. అయినా మోకరిస్తాను, మానలేను. నీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు ఆమెన్ అన్నానో, అందులో ఎన్ని నిజమో నాకే తెలీదు. నీకు చెబితే కుమిలిపోతావని చెప్పలేదు. మేడమీద గదిలో ఓడిపోయినప్పుడు హాయిగా ఎందుకుండేదంటే, ఆవిడ అడిగేవి నా ప్రశ్నలే. నేను పైకి అనలేనివి ఆవిడ నవ్వుతూ అనేసేది.

ఇదంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఎక్కడ దాచావు?" అంది. తర్వాత, "నా కోపం పోలేదు. పోతుందో లేదో కూడా చెప్పలేను. కూర్చో, ఎంతసేపని నిలబడతావు, అసలే మోకాలు" అంది.

కూర్చున్నాను. మళ్ళీ దేవుడి మాట రాలేదు. తమ్ముడి ఇంటర్వ్యూ తారీఖు మార్చమని ఎలా అడగాలో ముగ్గురం కూర్చుని ఆలోచించాం. అతను ఇంకా వెళ్తాననలేదు, వెళ్ళననీ అనలేదు.

బయల్దేరుతున్నప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. "అక్కా, మీ అమ్మగారిని ఆపమనకండి" అన్నాడు గొంతు తగ్గించి. "నాకోసం ఎవరో తిండి మానేశారంటే ఎలాగో ఉంది. కానీ నలుగురిలో వద్దని చెప్పండి. తన గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, ఎవరికీ వినబడకుండా చేసుకోమనండి."

లోపల్నుంచి రుజువమ్మ, "అందులో నా పేరు మాత్రం కలపొద్దను!" అని కేకేసింది.

ఆ తమ్ముడు మన గ్రంథం ఎప్పుడూ తెరవలేదు. అలా తలుపేసుకుని ప్రార్థించమని అందులో మొదట చెప్పింది ప్రభువేనని నీకు తెలుసు, అతనికి తెలీదు. నేను చెప్పలేదమ్మా. చెప్పడానికి అంత మంచి అవకాశం నాకు జన్మలో రాలేదు. అయినా చెప్పలేదు. మెట్లు దిగి వచ్చేశాను.

ఆవిడకి ఇమ్మని నువ్వు పంపిన పుస్తకం నా సొరుగులోనే ఉంది, ఇవ్వలేదు. "ఎంతవరకు వచ్చింది" అని ఇక అడగకు. చెప్పాల్సింది ఉంటే నేనే రాస్తాను, అది కూడా ఆవిణ్ణి అడిగాకే.

ఇది చదివాక నాకోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తావని తెలుసు, వద్దనను. కానీ శుక్రవారం నాడు కాదు. ఆ అబ్బాయి చెప్పినట్టే.

ఇట్లు,
ఎన్నో ఆమెన్‌ల తర్వాత ఒక్క నిజం చెప్పుకున్న
నీ చిన్నకూతురు