నది నడుమ సైదమ్మ

అచ్చంపేట,
జూన్ 6, 1988

పానగల్‌లో ఉండి కథలు రాసే ప్రమీలమ్మ గారికి, అచ్చంపేట బస్టాండు ఎదుట నవలలు కిరాయికిచ్చే మెహమూద్ సలాములు చేసి రాసే సంగతులు.

అమ్మా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ సైదమ్మ క్షేమమో కాదో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడేండ్ల కింద మీ సీరియల్ వారపత్రికలో వచ్చేది. వెదురు బొంగుల కోతకు పోయి తిరిగిరాని మొగుణ్ని వెతుక్కుంటూ సైదమ్మ సోమశిల రేవులో పుట్టి పడవ ఎక్కింది. నది నడుమకు పోయేసరికి గాలి లేచింది. కింద ‘సశేషం’ అని వేశారు. మరుసటి వారం నుంచి పత్రికే బందయింది. అప్పటినుంచి ఆమె నీళ్ల మీదే ఉంది, మేము ఒడ్డున ఉన్నాం.

ఊరుకోలేక తలా ఒక రకంగా మిగతా కథ రాసుకున్నాం. హోటల్ లచ్చయ్య రాశాడు, బస్సు కండక్టర్ లింగయ్య రాశాడు, కాంపౌండర్ గుర్వయ్య రాశాడు. అవన్నీ నా దుకాణంలోనే ఉంటాయి. నవలల కన్నా వాటికే గిరాకీ. దాంతో ఒక ఆట పెట్టాను. రోజూ పొద్దున దుకాణం తలుపు చెక్క మీద ఎవరో ఒకరి కథలోంచి ఒక ముక్క సుద్దతో రాస్తాను. అది ఎవరు రాసిందో చెప్పాలి. మనిషికి ఒక్క మాటే. సాయంత్రం బస్సు వెళ్లాక జవాబు చెబుతాను. గెలిచినవాళ్లు కొత్త పత్రిక ముందుగా చదువుకోవచ్చు. రోజుకు ఒకటే ప్రశ్న, ఎంత బతిమాలినా రెండోది లేదు.

మీకు రాస్తానంటే మా అమ్మ గులాబ్‌బీ ఒప్పుకోదు. ఆమెకు చదువు రాదు, నేను చదివితే వింటుంది. ఆమెకు తెలియకుండా అడుగుతున్నాను. సైదమ్మ ఒడ్డు చేరిందా?

ఇట్లు, జవాబు కోసం కండ్లు కాయలు కాసిన
మెహమూద్

తా.క.: లింగయ్య కథలో పుట్టిలోనే సైదమ్మకు టిక్కెట్ కొట్టారు. చిల్లర లేదని నది నడుమ దిగమన్నారు, చివరికి ఒడ్డు చేర్చి బస్సెక్కించారు. మీకు తెలియడం మంచిదని రాస్తున్నాను.

—

పానగల్,
జూన్ 13, 1988

మెహమూద్ గారికి,

మీ ఉత్తరం అందింది. బడిలో పంతులమ్మగా ఎన్నో అల్లర్లు చూశాను గాని ఇటువంటిది చూడలేదు. నేను పెంచిన మనిషిని తలుపు చెక్కకెక్కించి ఆటాడుతున్నారా? ఒకరింటి ఆడమనిషి సంగతి బస్టాండులో అందరికీ కావలసి వచ్చిందా?

అడిగారు గనుక చెబుతున్నాను. సైదమ్మ ఆ గాలికే మునిగిపోయింది. ఒడ్డు చేరలేదు. ఇక ఆమె జోలికి ఎవరూ రావద్దు. ఆట కట్టిపెట్టండి.

ఇట్లు,
కె. ప్రమీలమ్మ

తా.క.: పుట్టిలో టిక్కెట్లుండవు. ఆ కండక్టరు జన్మలో నది చూశాడా?

—

అచ్చంపేట,
జూన్ 20, 1988

ప్రమీలమ్మ గారికి దుఃఖంలో ఉన్న మెహమూద్ సలాములు.

అమ్మా, మీ మాట నాకు మింగుడుపడలేదు. నోటితో చెప్పే ధైర్యం లేక ఆనాటి ప్రశ్నగా చెక్క మీద రాశాను. ‘సైదమ్మ ఆ గాలికే మునిగిపోయింది. ఒడ్డు చేరలేదు.’ మీ పేరు ఒక్కరూ చెప్పలేదు. అందరి వేళ్లూ కాంపౌండర్ గుర్వయ్య మీదికే పోయాయి. ఆయన సూది వేసే తీరు తెలిసినవాళ్లకు ఆ అనుమానం రావడం సహజం. "మా అవ్వ మీద ఒట్టు, నేను గాదు" అని మొత్తుకున్నాడు.

సాయంత్రం జవాబు చెప్పక తప్పలేదు. లచ్చయ్య లేచి వెళ్లి హోటల్ పొయ్యి ఆర్పేశాడు. మా అమ్మ నన్ను చూసి, "నువ్వడిగినవ్, గామె పోయింది" అంది. అప్పటినుంచి నాతో మాటల్లేవు.

ఇప్పుడు కర్మ చేయాలని అందరూ తీర్మానించారు. లచ్చయ్య పెద్దకర్మ అన్నాడు, మా అమ్మ ఫాతెహా చదివించాలంది. జాన్‌పహాడ్ దర్గాలో సైదులుకు మొక్కి పెట్టిన పేరు కాబట్టి రెండూ చేయాల్సిందేనని ఒప్పుకున్నారు. పోయి మూడేండ్లయిన మనిషికి దినాల లెక్క ఎట్లా అని వాదన వచ్చింది. చివరికి లింగయ్యకు డ్యూటీ లేని దినం ఖాయం చేశారు. జూలై 10, ఆదివారం.

ఒక్కటే చిక్కు. పుట్టింటివాళ్లు చీర పెట్టనిదే ఆడమనిషి కర్మ ఎట్లా అవుతుంది? సైదమ్మకు పుట్టిల్లంటే మీరే కదా. మీరు చీర పట్టుకుని రావాలి.

ఇట్లు, మీ బిడ్డ తరఫువాళ్లలో ఒకడు,
మెహమూద్

తా.క.: ఆ దినం నుంచి గుర్వయ్య దగ్గర ఎవరూ సూది వేయించుకోవడం లేదు. సైదమ్మ చావుకు తాను కారణం కాదని మీ చేవ్రాలుతో ఒక సర్టిఫికెట్ కావాలంటున్నాడు.

—

పానగల్,
జూన్ 25, 1988

మెహమూద్‌కు,

‘గారు’ తీసేశాను, గమనించు.

ఇది నన్ను ఆట పట్టించడానికి ఊరంతా కలిసి వేసిన నాటకం. కాగితం మీది మనిషికి కర్మా? దానికి నేను చీర తేవాలా?

మీకు అంత ప్రేమే ఉంటే అప్పుడు ఒక్క కార్డు రాయడానికి చేతులు రాలేదా? సీరియల్ నడిచినన్నాళ్లూ పోస్టుమాన్ పర్వతాలు మా గల్లీలోకి తిరిగినప్పుడల్లా గుమ్మంలో నిలబడ్డాను. పత్రిక ఆగాక కూడా నిలబడ్డాను. తర్వాత ఏమయిందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఎవరికీ అక్కర లేని మనిషిని ఒడ్డుకు చేర్చి ఏం చేసుకోను? పెన్ను పక్కన పెట్టేశాను. మళ్లీ ఒక్క కథ రాయలేదు. ఇప్పుడు చచ్చిందనగానే అందరూ బంధువులయ్యారు.

నేను రాను.

ఇట్లు,
ప్రమీలమ్మ

తా.క.: ఊరికే అడుగుతున్నాను. ఆ చీర ఏ రంగుది కావాలంటున్నారు?

—

అచ్చంపేట,
జూన్ 29, 1988

ప్రమీలమ్మ గారికి మెహమూద్ సలాములు.

మీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత రాయమంది. ఆమె మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"అమ్మా, నేను గులాబ్‌బీని. ఇంట్లకెల్లి బయలెల్లిన మనిషిని ఎటు పోతున్నవని అడుగొద్దు గదా. అడిగితే పోయిన పని కాదు. సైదమ్మ తొవ్వల ఉండె. గందుకే నేనే అందరికి చెప్పిన, ఎవ్వరు అడుగొద్దు, ఉత్తరం గిట్ల రాయొద్దు అని. గుర్వయ్య కార్డు రాస్తే గుంజుకొని చింపిన. అడుగొద్దన్న గని, మనసుల అనుకోవద్దనలే. గందుకే గీళ్లు కథలు రాసుకునుడు, గీ ఆట. నువ్వు గుమ్మంల నిలబడ్డవని నాకెట్ల తెలుస్తదమ్మా? తెలిస్తే నేనే నడిచొస్తుంటి. జర మాఫ్ చెయ్యి."

ఈ నాలుగు మాటలు రాయించడానికే ఆమె నాతో మాట్లాడింది. రాయించి మళ్లీ మానేసింది.

ఇట్లు, అడిగి తప్పు చేసిన
మెహమూద్

తా.క.: చీర ఆకుపచ్చది కావాలి. సైదమ్మ సంతలో ఆకుపచ్చ చీర చేతిలోకి తీసుకుని, చూసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయిందని మీరే రాశారు. మరిచిపోయారా?

—

పానగల్,
జూలై 6, 1988

బాబూ మెహమూద్‌కు ఆశీస్సులు. గులాబ్‌బీ అక్కకు నా నమస్కారాలు చెప్పు.

ఆ చీర సంగతి నేను మరిచేపోయాను. రాసిన నాకు లేని గుర్తు మీకుంది. అది చదివి ఏడ్చాను. నల్లగొండ పోయి ఆకుపచ్చ చీర కొన్నాను. దేవరకొండ మీదుగా వచ్చే బస్సులో ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నేను మాత్రం రాలేను. సొంత బిడ్డ కర్మకు పిలిచినట్టే పిలిచారు, కాళ్లు కదలడం లేదు.

లోపల ఒక చిన్న కాగితం ఉంది. దాని మీద ఉన్నది ఆదివారం పొద్దున, కర్మకు ముందు, మీ చెక్క మీద రాయి. ఎవరు రాశారో చెప్పకు. నీ ఆట ప్రకారమే, మనిషికి ఒక్క మాట.

ఇట్లు,
ప్రమీలమ్మ

తా.క.: ఎవరూ పోల్చుకోలేకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయవద్దు. నేనూ ఇక ఏమీ రాయను. గుర్వయ్యకు సర్టిఫికెట్ జతచేశాను. ఆయన సూదికి మాత్రం నా పూచీ లేదు.

—

అచ్చంపేట,
జూలై 11, 1988

మా ప్రమీలమ్మకు మెహమూద్ మనసారా సలాములు.

ఉత్తరం వచ్చిందంటేనే మీకు సంగతి తెలిసిపోయి ఉంటుంది. అయినా వరుసగా చెబుతాను.

ఆదివారం పొద్దున మీరు పంపింది చెక్క మీద రాశాను. ‘గాలి ఆగలేదు. సైదమ్మ కొంగు నడుముకు బిగించి, తెడ్డు తన చేతికి తీసుకుంది.’

లింగయ్య చూసి లచ్చయ్య పేరు చెప్పాడు. లచ్చయ్య నా పేరు చెప్పాడు, మా అమ్మను మాట్లాడించుకోవడానికి నేనే రాశానట. గుర్వయ్య మీ సర్టిఫికెట్ జేబుకు పిన్నీసుతో గుచ్చుకుని వచ్చి లింగయ్య పేరు చెప్పాడు. ఎవరో మీ పేరు ఎత్తబోతే, "సంపినామె మల్ల తెడ్డెట్ల ఇస్తది?" అని కొట్టిపారేశాడు. వచ్చినవాళ్లందరి మాటలూ అయిపోయాయి. ఒక్కరూ కనుక్కోలేదు. అన్నం గుండిగ దించారు. నోరు విప్పితే ఆట తప్పినట్టు, విప్పకపోతే మీరు మాకు లేనట్టు.

అప్పుడు మా అమ్మ ఫాతెహా పళ్లెం పట్టుకుని వచ్చింది. ఆమె ఏనాడూ ఆట ఆడలేదు. "చెక్క మీద ఏమున్నదిరా?" అంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. పళ్లెం కింద పెట్టేసింది.

"గిది పానగల్ ఆమెదే."

ఎట్లా తెలిసిందని అందరూ మీదపడ్డారు.

"మీరంత సైదమ్మను దబదబ ఒడ్డుకు తెచ్చి కూసోబెట్టిన్రు. లింగయ్య అయితే బస్సు గూడ ఎక్కిచ్చిండు. గీమె ఒక్కతే ఇంక నీళ్ల నడుమనే ఉంచింది. గంత ధైర్యం కన్నతల్లికే ఉంటది" అంది.

లచ్చయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఇక కర్మ లేదని, విస్తరాకులు వేయమన్నాడు. కర్మకు వండిన అన్నమే అందరం కడుపునిండా తిన్నాం. మా అమ్మ నాకు రెండోసారి అడిగి మరీ వడ్డించింది.

మీరు నెమ్మదిగా రాయండి. ఇక మిమ్మల్ని మేమెవరమూ ఏమీ అడగం.

ఇట్లు, ఒడ్డున ఉన్న మీ
మెహమూద్

తా.క.: చీర ఎవరికీ ఇవ్వలేదు. మా అమ్మ మడత విప్పకుండా పెట్టెలో దాచింది. సైదమ్మ తడిసి వస్తుంది కదా, ఒడ్డుకు రాగానే కట్టుకోవడానికి పొడి బట్ట ఉండాలంటుంది.