అరవై నాలుగు తర్వాతి పేజీ

నాన్నా,

ఇవాళ సాయంత్రం ఐదింటికి కళ్ళ డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. నేను ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వస్తాను. నువ్వు షాపు నాలుగున్నరకే మూసెయ్. పని ఉందని ఎగ్గొట్టకు.

ఇంకో సంగతి ఎదురుగా చెప్పలేక ఇలా రాస్తున్నాను. నా పుట్టినరోజుకి నువ్వు బైండు చేసిచ్చిన నవల నేను చదవలేదు. “ఎంతవరకు వచ్చావమ్మా?” అని నువ్వు అడిగినప్పుడల్లా పేజీ గుర్తు రిబ్బను నాలుగు పేజీలు ముందుకి జరిపి చూపించాను. మూడు నెలలుగా నేను చదివేది బ్యాగులో దాచిన ఈ-రీడర్లో. బస్సులో నిలబడి ఒంటిచేత్తో పట్టుకోవచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. చార్జింగ్ అయిపోతే మాత్రం పలకముక్కకన్నా పనికిరాదు. నీ జిగురు వాసన దానికెక్కడిది? పైగా పుస్తకాలు కుట్టేవాడి కూతుర్ని, దాన్ని దొంగసొత్తులా దాచుకోవాలి.

నిన్న అది ఆరిపోతే నీ పుస్తకం తెరిచాను. అరవై నాలుగో పేజీ తర్వాత ఎనభై ఒకటి ఉంది. మధ్యలో రావాల్సిన ఫారం, ఆ పదహారు పేజీల మడత మొత్తం, వెనకెక్కడో కుట్టేశావు. ముప్పై ఏళ్లలో నువ్వు చెయ్యని తప్పు. నీకు అంకెలు కనబడ్డం లేదు కదూ? ఎక్కడైనా తప్పు కుట్టానేమోనన్న అనుమానంతోనే రోజూ అడిగావేమో. నేను నిజంగా చదివుంటే మొదటి వారంలోనే తెలిసేది.

తిట్టాలనుంటే డాక్టరు దగ్గరికొచ్చి తిట్టు.

అన్నట్టు, ఈ-రీడర్ చార్జింగ్ పెట్టి నీ మంచం మీద ఉంచాను. అందులో ఆ నవలే ఉంది, అక్షరాలు బాగా పెద్దవి చేశాను. ఎంతవరకు వచ్చావని ఇకమీద నేనడుగుతాను. జరపడానికి దానికి రిబ్బను లేదు.